ఓటముల సీజన్‌లో తప్పు కోచ్‌దా, ఆటగాళ్లదా? గోల్ గోల్‌కీ తేల్చే పద్ధతి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఫుట్‌బాల్ లీగ్‌లో 10 మ్యాచ్‌లయ్యాయి, 7 ఓడారు, 21 గోల్స్ ఇచ్చారు. ప్రతి ఓటమి తర్వాతా కోచ్ అందరి ముందూ పేర్లు పెట్టి తిడుతున్నారు. "ప్లాన్ బాగానే ఉంది, మీకే పట్టుదల లేదు" అంటున్నారు. కెప్టెన్‌గా మీకు రెండు సందేహాలు: ఆ మాటలో నిజమెంత, ఆయనతో ఎలా మాట్లాడాలి?

మొదటి సందేహం వీడియో ముందు కూర్చుంటే తీరుతుంది. ఒక గోల్‌కి ఒక ఆటగాడిని బాధ్యుణ్ని చేయాలంటే నాలుగు సంగతులు ముందు రుజువు కావాలి. ఆ పని అతనికి స్పష్టంగా చెప్పి ఉండాలి. ట్రైనింగ్‌లో చేయించి ఉండాలి. ఆ నిమిషంలో అతని ఒంటికి అది సాధ్యమై ఉండాలి. ఆ స్థానంలో అతన్ని నిలబెట్టడం సబబై ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ గోల్ కోచ్ ఖాతాలో రాయాలి. నాలుగూ ఉండి కూడా పని జరగలేదంటే అది ఆటగాడి తప్పే, అక్కడ మొహమాటపడనక్కర్లేదు.

ముందు క్లిప్‌ల సంగతి. గోల్ వీడియో అనగానే అందరూ చూసేది చివరి మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లలో తెర మీద ఉండేది గోల్‌కీపర్, అతని ముందున్న డిఫెండర్. అందుకే నింద ఎప్పుడూ వాళ్ల మీదే పడుతుంది. మీరు మాత్రం బంతి మీ జట్టు కాళ్ల నుంచి పోయిన క్షణం నుంచి క్లిప్ కోయండి. మామూలుగా అది గోల్‌కి 15-20 సెకన్ల ముందు ఉంటుంది. కార్నర్ లేదా ఫ్రీకిక్ మీద వచ్చిన గోల్ అయితే రిఫరీ దాన్ని ఇచ్చిన దగ్గర్నుంచి తీసుకోండి. గ్యాలరీ మీద నుంచో, మేడ మీద నుంచో, ఎత్తు నుంచి తీసిన వీడియో దొరికితే మరీ మంచిది. లైన్ పక్కన నేల మీద నిలబడి చూస్తే మనుషులు కనిపిస్తారు గానీ మనుషుల మధ్య దూరాలు కనిపించవు. మ్యాచ్ మొత్తం కోచ్ నిలబడేది అక్కడే. ఆయనకి "వాడు పరిగెత్తలేదు" అన్నది కనిపిస్తుంది, "వాడికీ పక్కవాడికీ మధ్య 25 మీటర్ల ఖాళీ ఉంది" అన్నది కనిపించదు. ఆయన నిందల్లో కొన్ని దురుద్దేశంతో వచ్చినవి కావు, నిలబడ్డ చోటు వల్ల వచ్చినవి. మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంటే మీ గొంతులో కోపం తగ్గుతుంది.

ఒక మామూలు గోల్ తీసుకుందాం. ప్రత్యర్థి లెఫ్ట్ వింగర్ (ఎడమ అంచున దాడి చేసేవాడు) మన రైట్‌బ్యాక్‌ని (కుడి అంచు డిఫెండర్‌ని) దాటి క్రాస్ వేశాడు, అంటే పక్క నుంచి గోల్ ముందుకి బంతి పంపాడు, స్ట్రైకర్ తలతో కొట్టాడు. చివరి మూడు సెకన్లు చూస్తే దోషి రైట్‌బ్యాక్. ఇప్పుడు 14 సెకన్లు వెనక్కి వెళ్లండి. బంతి మనదే, వాళ్ల సగంలో ఉంది. మన ఫుల్‌బ్యాక్‌లు (రెండు అంచుల డిఫెండర్లు) ఇద్దరూ పైకి వెళ్లిపోయారు. డిఫెన్స్ ముందు కాపలా ఉండాల్సిన హోల్డింగ్ మిడ్‌ఫీల్డర్ కూడా వాళ్ల పెనాల్టీ బాక్స్ అంచుకి చేరాడు. వెనక మిగిలింది సెంటర్‌బ్యాక్‌లు (మధ్య డిఫెండర్లు) ఇద్దరే, వాళ్ల ముందు 30 మీటర్ల మైదానం ఖాళీ. మధ్యలో ఒక పాస్ తెగింది. రైట్‌బ్యాక్ 50 మీటర్లు వెనక్కి ఉరికొచ్చి, ఆయాసం తీరకముందే, పూర్తి వేగంతో వస్తున్న వింగర్‌కి ఒంటరిగా ఎదురుపడ్డాడు. రైట్ వింగర్ ఎందుకు సాయానికి రాలేదు? కౌంటర్ (బంతి చిక్కగానే చేసే ఎదురుదాడి) కోసం పైనే ఉండమని అతనికి చెప్పారు కాబట్టి. దాడి చేస్తున్నప్పుడు వెనక ఎంతమందిని ఉంచాలో నిర్ణయించేది కోచ్. ప్రత్యర్థి ఇద్దరిని పైన వదిలితే మనం కనీసం ముగ్గురిని వెనక ఉంచుకోవడం చాలా జట్లు పాటించే లెక్క. ఈ గోల్‌లో ఆ ముగ్గురు లేరు. హోల్డింగ్ మిడ్‌ఫీల్డర్‌కి "నువ్వు కదలకు" అని చెప్పినా అతను వెళ్లాడా, అసలు ఎవరూ చెప్పనే లేదా? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు దొరికితే గోల్ ఎవరి ఖాతాలోదో తేలుతుంది. రైట్‌బ్యాక్ పేరు ఆ చర్చలోకే రాదు.

రెండో రకం కార్నర్. పై స్థాయి లీగుల్లోనే దాదాపు నాలుగో వంతు గోల్స్ సెట్‌పీస్‌ల (కార్నర్, ఫ్రీకిక్ లాంటివాటి) మీద వస్తాయి. కింది స్థాయిలో గోల్‌కీపర్లు క్రాస్‌ల మీదికి బయటకి రావడానికి వెనకాడతారు కాబట్టి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. కార్నర్ మీద గోల్ పడగానే "మార్కింగ్ వదిలేశాడు" అంటారు. వీడియో ఆపి ఇవి చూడండి: నియర్ పోస్ట్ (కార్నర్ వచ్చే వైపు గోల్ స్తంభం) దగ్గర నిలబడ్డది ఎవరు? జట్టులో పొట్టివాడా? జోనల్ పద్ధతా (ఒక్కొక్కరు ఒక్కో చోటు కాయడం), మనిషికి మనిషా, రెండూ కలిపా? కలిపితే జోన్‌లో ఎవరు, మనిషిని పట్టుకోవాల్సింది ఎవరు అన్నది అందరికీ ఒకేలా తెలుసా? ఆ కార్నర్‌కి ముందు రెండు మూడు నిమిషాల్లో సబ్‌స్టిట్యూషన్ జరిగిందా? ఈ చివరిది చాలామంది పట్టించుకోరు. బయటకి వెళ్లినవాడు ప్రత్యర్థుల్లో పొడుగాటి సెంటర్‌బ్యాక్‌ని పట్టుకునేవాడు. లోపలికి వచ్చినవాడికి ఆ పని ఎవరూ అప్పగించలేదు. ఆ సెంటర్‌బ్యాక్ ఖాళీగా తల పెట్టాడు. లోపలికి వచ్చిన కుర్రాడికి తిట్లు పడతాయి గానీ, టచ్‌లైన్ దగ్గర పది సెకన్ల మాటతో ఆగిపోయే గోల్ అది. అవతలివాళ్ల కార్నర్‌కి ముందు మనిషిని మార్చకూడదన్న పాత నియమం ఇందుకే ఉంది. తప్పనిసరైతే లోపలికి వెళ్లేవాడి చేతిలో రాసి పెట్టిన కాగితం ఉండాలి: ఎవరిని పట్టుకోవాలి, ఎక్కడ నిలబడాలి.

ఇలా 21 గోల్స్‌కీ ఆ నాలుగు ప్రశ్నలూ వేయండి: చెప్పారా, చేయించారా, ఒంటికి సాధ్యమైందా, ఆ స్థానం సబబేనా. "చెప్పారా" అన్నదాన్ని కఠినంగానే చూడండి. "అలర్ట్‌గా ఉండండి", "గట్టిగా ఆడండి", "సెకండ్ బాల్ మనదే కావాలి" లాంటివి సూచనల కిందికి రావు. "లాంగ్ బాల్ పడగానే నువ్వు సెంటర్‌బ్యాక్‌కి పది మీటర్ల ముందు, బంతి వైపు తిరిగి ఉండు" అంటే అది సూచన. "చేయించారా" అన్నదానికి కొలత: గత మూడు వారాల్లో, ఎదురుగా ప్రత్యర్థిని పెట్టి, మ్యాచ్ వేగంతో చేయించి ఉండాలి. బోర్డు మీద గీసి చూపించడం లెక్కలోకి రాదు. దీనికి ట్రైనింగ్ డైరీ కావాలి. మీ దగ్గర లేకపోతే ఈ వారం నుంచే రాయడం మొదలుపెట్టండి. 90 నిమిషాల సెషన్‌లో దేనికి ఎన్ని నిమిషాలు పోతున్నాయో వాచీ చూసి రాయాలి. వార్మప్ 20, రోండో (వలయంగా నిలబడి మధ్యవాడికి చిక్కకుండా పాస్‌లు ఇచ్చుకోవడం) 15, షూటింగ్ లైన్లు 20, చివర్లో మ్యాచ్ 30, నీళ్లు తాగడానికి 5. ఇలాంటి సెషన్లు వరుసగా ఆరు కనిపిస్తే, కార్నర్ డిఫెండింగ్‌కీ బంతి పోయిన వెంటనే చేయాల్సిన పనికీ వెచ్చించింది సున్నా అని కాగితమే చెబుతుంది. ఆ రెంటి మీదే గోల్స్ పడుతుంటే పట్టుదల ప్రస్తావన అనవసరం. సెషన్‌కి 15 నిమిషాలు సెట్‌పీస్‌లకి పెట్టడం వెంటనే చేయగలిగిన మార్పు, దానికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు అసలు ఆరోపణకి వద్దాం, "పట్టుదల లేదు" అన్నదానికి. దీన్ని కొలవొచ్చు. బంతి పోయిన తర్వాత మొదటి ఆరు సెకన్లు చూడండి. పోగొట్టుకున్నవాడు, అతనికి దగ్గరగా ఉన్న ఇద్దరు, ఈ ముగ్గురూ గట్టిగా పరిగెత్తారా, నడిచారా? మ్యాచ్‌ని మూడు ముక్కలు చేసి విడివిడిగా లెక్కపెట్టండి: మొదటి 25 నిమిషాలు, మధ్య భాగం, చివరి 15 నిమిషాలు. మొదట్లో పరిగెత్తి చివర్లో ఆగిపోతే అది అలసట. అలసటకి కారణాలు ఫిట్‌నెస్ పని, మ్యాచ్‌ల మధ్య విశ్రాంతి, సబ్‌స్టిట్యూషన్ సమయం. ఒక మ్యాచ్ నుంచి కండరాలు పూర్తిగా తేరుకోవడానికి 72 గంటల దాకా పడుతుంది. ఆదివారం మ్యాచ్ ఆడించి మంగళవారం కొండెక్కించే పరుగులు పెట్టిస్తే బుధవారం మ్యాచ్‌లో కాళ్లు కదలవు. 0-0 ఉన్నంతసేపూ పరిగెత్తి, మొదటి గోల్ పడగానే జట్టంతా ఆగిపోతే అది నమ్మకం పోవడం. అలాంటి జట్టుని ఇంకా తిడితే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. 0-0 ఉండగా, పదో నిమిషంలో, ఎదురుగా బంతి పోయినా నడుస్తున్నవాడు కనిపిస్తే కోచ్ చెబుతున్నది ఆ ఆటగాడి విషయంలో నిజం. మామూలుగా అలాంటివాళ్లు జట్టులో ఒకరో ఇద్దరో తేలతారు. పదకొండు మందీ అలాగే ఉన్నారంటే కారణం మనుషుల స్వభావంలో ఉందని నేను నమ్మను.

చేతకాని తప్పునీ చేయని తప్పునీ వేరుగా రాయండి. ఒత్తిడి లేనప్పుడు పది మీటర్ల పాస్ తప్పడం నైపుణ్యం లోపం. షూట్ చేయాల్సిన చోట పాస్ ఇవ్వడం నిర్ణయ లోపం. వెనక్కి పరిగెత్తకపోవడం ప్రయత్న లోపం. మొదటిదానికి సాధన, రెండోదానికి వీడియో, మూడోదానికి బెంచ్. మూడింటికీ ఒకే తిట్టు వాడే కోచ్ దగ్గర ఏదీ బాగుపడదు.

ఆటగాళ్ల వైపు కూడా ఒక కాగితం తీయాలి, అది హాజరు పట్టీ. 18 మంది స్క్వాడ్‌లో ట్రైనింగ్‌కి సగటున 11 మందే వస్తుంటే, జట్టు ఆకారం మీద కోచ్ చేయగలిగింది చాలా తక్కువ. ఎదురు జట్టు లేకుండా డిఫెండింగ్ నేర్పడం కుదరదు. ఆలస్యంగా రావడం, చెప్పకుండా మానేయడం ఇందులో రాయండి. మీ లెక్కలో ఇది గట్టిగా తేలితే కోచ్ ఫిర్యాదులో సగం న్యాయమైనదే. అది మీరే ముందు ఒప్పుకోవాలి. కెప్టెన్ నోటి నుంచి ఆ మాట వస్తే మిగతా సంభాషణ సులువవుతుంది.

అదృష్టం వాటా ఎంతో కూడా చూడాలి. ఫుట్‌బాల్‌లో గోల్స్ తక్కువ కాబట్టి ఫలితాలు అదృష్టాన్ని బట్టి చాలా అటూ ఇటూ ఊగుతాయి. ఒక చిన్న లెక్క. లీగ్‌లో సరిగ్గా సగటు స్థాయి జట్టు ఉందనుకోండి, ప్రతి మ్యాచ్‌లో ఓడే అవకాశం సుమారు 37 శాతం. 38 మ్యాచ్‌ల సీజన్‌లో ఆ జట్టు ఎక్కడో ఒకచోట వరుసగా నాలుగు మ్యాచ్‌లు ఓడే అవకాశం దాదాపు మూడింట ఒకటి. ఎవరూ ఏ తప్పూ చేయకుండానే. ఆ నాలుగో ఓటమి రాత్రి ప్రతి క్లబ్‌లోనూ ఎవరో ఒకరు దోషిగా తేలతారు.

మీ 7 ఓటముల్లో ఇది ఎంతో తెలియాలంటే షాట్లు లెక్కపెట్టండి. ప్రొఫెషనల్ క్లబ్బులు వాడే ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ (దొరికిన షాట్లని బట్టి ఎన్ని గోల్స్ రావాలో అంచనా వేసే) సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, కాగితం మీద ఉజ్జాయింపు చాలు. బాక్స్ బయట నుంచి కొట్టిన షాట్‌కి 0.03, బాక్స్‌లో మధ్య భాగం నుంచి కొడితే 0.15, గోల్‌కి ఐదారు మీటర్ల లోపు ఎదురుగా దొరికితే 0.35, పెనాల్టీకి 0.76 వేయండి. రెండు జట్లకీ పది మ్యాచ్‌ల మొత్తం కూడండి. మీది 12, అవతలివాళ్లది 13 వచ్చి, అసలు గోల్స్ మాత్రం 8-21 అయి ఉంటే, ఆట బాగానే ఉంది. ఫినిషింగ్‌లోనూ గోల్‌కీపింగ్‌లోనూ లోపం, దానికి తోడు దురదృష్టం. ఇలాంటప్పుడు ఫార్మేషన్ మార్చడం, సగం జట్టుని బెంచ్‌కి పంపడం పొరపాటు. మీది 7, వాళ్లది 19 అయితే నిర్మాణమే తప్పింది. నిర్మాణం కోచ్ పని.

"తిట్టిన తర్వాత మ్యాచ్‌లో బాగా ఆడారు కదా" అని ఆయన అనొచ్చు. చాలామంది కోచ్‌లు నిజాయితీగానే ఇలా నమ్ముతారు. ఇజ్రాయెల్ వైమానిక దళంలో శిక్షకులు ఇదే మాట అన్నప్పుడు మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ అందులోని పొరపాటు పట్టుకున్నారు. మరీ చెడ్డ ప్రదర్శన తర్వాత వచ్చేది ఎలాగూ సగటుకి దగ్గరగా ఉంటుంది, తిట్టినా తిట్టకపోయినా. తిట్టేది ఎప్పుడూ ఆ అట్టడుగు రోజునే కాబట్టి తిట్టే పనిచేసినట్టు కనిపిస్తుంది. కోచ్‌ని మార్చడంలోనూ ఇదే జరుగుతుంది. నెదర్లాండ్స్ లీగ్ 14 సీజన్ల లెక్కలు తీసి అక్కడి ఆర్థికవేత్తలు పోల్చారు: కోచ్‌ని తీసేశాక జట్లు మెరుగుపడ్డాయి, అంతే పతనం చూసి కూడా కోచ్‌ని ఉంచుకున్న జట్లూ అదే స్థాయిలో మెరుగుపడ్డాయి. అందుకే "కోచ్‌ని మారిస్తే సరి" అని జట్టులో ఎవరైనా అంటుంటే ఆ మాటనీ అంతే అనుమానంగా చూడండి.

అందరి ముందూ నిందించడం వల్ల వచ్చే నష్టం పెద్ద క్లబ్బుల్లో కళ్లెదుటే జరిగింది. 2015 మే నెలలో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ గెలిచిన చెల్సీ అదే ఏడాది డిసెంబర్‌కి 16వ స్థానంలో ఉంది. 14వ తేదీన లెస్టర్ చేతిలో 2-1తో ఓడాక, తన శ్రమకి ద్రోహం జరిగినట్టనిపిస్తోందని కోచ్ జోసె మొరీన్యో టీవీలో అన్నారు. మూడు రోజుల్లో ఆయన పదవి పోయింది. అదే ఆటగాళ్లు ఆ తర్వాత 2016 ఏప్రిల్ దాకా లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, డ్రాలు చాలా ఉన్నా. దీన్ని చూసి "చూశారా, ఆటగాళ్లు కావాలనే ఓడారు" అనేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. సగటుకి తిరిగి రావడం అందులో ఎలాగూ కొంత ఉంది. మిగిలింది, తమని నమ్మని మనిషి కోసం రిస్క్ తీసుకోవడానికి ఆటగాడి కాలు వెనకాడటం. 2023 మార్చి 18న టాటెన్‌హామ్ 3-1 ఆధిక్యం నుంచి సౌతాంప్టన్‌తో 3-3కి జారినప్పుడు కోచ్ ఆంటోనియో కాంటే తన ఆటగాళ్లు స్వార్థపరులని విలేఖర్ల ముందు విరుచుకుపడ్డారు. ఎనిమిది రోజుల్లో క్లబ్ వదిలారు. అప్పటికి నాలుగో స్థానంలో ఉన్న జట్టు చివరికి ఎనిమిదో స్థానంలో ఆగింది. 2013 సెప్టెంబర్‌లో సండర్‌లాండ్‌లో ఆటగాళ్లని బహిరంగంగా విమర్శిస్తూ వచ్చిన కోచ్ పావొలో డి కానియో కొత్త సీజన్‌లో ఐదు లీగ్ మ్యాచ్‌లకే వెళ్లిపోవాల్సి వచ్చింది.

దీనికి ఎదురు ఉదాహరణ 2020-21 లివర్‌పూల్. వాన్ డైక్, గోమెజ్, మాటిప్, సెంటర్‌బ్యాక్‌లు ముగ్గురూ గాయాలతో సీజన్ పోగొట్టుకున్నారు. సొంత మైదానంలో వరుసగా ఆరు లీగ్ మ్యాచ్‌లు ఓడారు. ఫిబ్రవరిలో మాంచెస్టర్ సిటీతో 4-1 ఓటమిలో గోల్‌కీపర్ అలిసన్ రెండు పాస్‌లు నేరుగా ప్రత్యర్థులకి ఇచ్చాడు, రెండూ గోల్స్ అయ్యాయి. విలేఖర్లు అడిగితే కోచ్ యూర్గెన్ క్లాప్, బహుశా అతని పాదాలు చలికి బిగుసుకుని ఉంటాయేమో అని తేలిగ్గా దాటేశారు. ఆ సీజన్ చివరి పది మ్యాచ్‌ల్లో ఎనిమిది గెలిచి, రెండు డ్రా చేసుకుని లివర్‌పూల్ మూడో స్థానంలో నిలిచింది. అందులో మే నెలలో వెస్ట్ బ్రామ్ మీద చివరి క్షణాల్లో తలతో గోల్ కొట్టి గెలిపించింది ఆ అలిసనే. క్లాప్ ఒక్క మాట వల్లే ఇదంతా జరిగిందని చెప్పను. కానీ ఫిబ్రవరిలో అలిసన్‌ని బలిపశువుని చేసి ఉంటే మే నెలలో అతను అవతలి బాక్స్ దాకా వెళ్లే సాహసం చేసేవాడా? 2021 యూరో ఫైనల్లో ఇంగ్లండ్ పెనాల్టీల మీద ఓడినప్పుడు కోచ్ గారెత్ సౌత్‌గేట్ కూడా, ఎవరు కొట్టాలో నిర్ణయించింది తానేనని ఆ రాత్రే చెప్పారు. అది అక్షరాలా నిజం. 19 ఏళ్ల సాకాకి చివరి కిక్ అప్పగించింది, రాష్‌ఫర్డ్, సాంచోలని పెనాల్టీల కోసం 120వ నిమిషంలో మైదానంలోకి దించింది ఆయనే.

నిందకి గురైన జట్టు ఆట ఎలా మారుతుందో మీ వీడియోల్లోనే చూడొచ్చు. ఆటగాళ్లు బంతి అడగడం మానేస్తారు. మిడ్‌ఫీల్డర్ ప్రత్యర్థుల వెనక, వాళ్ల నీడలో నిలబడతాడు. పాస్ రాదు కాబట్టి పోగొట్టుకునే ప్రసక్తి ఉండదు. సెంటర్‌బ్యాక్‌లు ఒకరికొకరు అడ్డంగా ఇచ్చుకుని చివరికి గోల్‌కీపర్‌కి వదిలేస్తారు, అతను గాల్లోకి కొడతాడు. డిఫెన్స్ లైన్ ప్రతి మ్యాచ్‌కీ రెండేసి మీటర్లు వెనక్కి జరుగుతుంది. మొదటి రెండు మ్యాచ్‌ల్లోనూ ఇప్పటి రెండు మ్యాచ్‌ల్లోనూ ఒక్కటే లెక్కపెట్టండి: మీ సెంట్రల్ మిడ్‌ఫీల్డర్లు ప్రత్యర్థి గోల్ వైపు తిరిగి ఎన్నిసార్లు బంతి అందుకున్నారు? ఆ సంఖ్య సగానికి పడిపోయి ఉంటే కోచ్‌కి చూపించాల్సిన అతి ముఖ్యమైన అంకె అదే. తిట్లు జట్టుని భద్రమైన, పనికిరాని ఆట వైపు నెట్టాయని అది చెబుతుంది. ఆయనకి కావాల్సిన ధైర్యమైన ఆట ఎందుకు కనిపించడం లేదో కూడా అదే చెబుతుంది.

ఇక ఆయనతో మాట్లాడటం. ఓటమి జరిగిన రోజున వద్దు, డ్రెస్సింగ్ రూమ్‌లో అసలే వద్దు. ఒకటి రెండు రోజులు ఆగి, ట్రైనింగ్‌కి గంట ముందు అరగంట సమయం అడగండి. మీరు, వైస్ కెప్టెన్, అంతే. ఐదుగురు వెళ్తే ఆయనకి అది తిరుగుబాటులా కనిపిస్తుంది. 21 క్లిప్‌లూ తీసుకెళ్లకండి, నాలుగు చాలు. వాటిలో ఒకటి ఖచ్చితంగా ఆటగాడి తప్పున్నది ఉండాలి, వీలైతే మీ సొంత తప్పే పెట్టండి, దానితోనే మొదలుపెట్టండి. మిగతా మూడూ ఒకే రకం గోల్స్ అయి ఉండాలి. వేర్వేరు మ్యాచ్‌లు, వేర్వేరు ఆటగాళ్లు, లోపం ఒక్కటే. రైట్‌బ్యాక్‌గా ముగ్గురు ఆడినా అదే గోల్ పడిందంటే మనిషిలో లోపం లేదన్న సంగతి మీరు నోరు తెరిచి చెప్పక్కర్లేదు.

"ఇది మీ తప్పు సర్" అనే వాక్యం ఏ రూపంలోనూ రాకూడదు. క్లిప్ ఆపి అడగాల్సింది ఇది: "సర్, ఈ క్షణంలో నేను ఎక్కడుండాలి? నాకు దగ్గరగా ఎవరుండాలి?" ఆయన జవాబు చెబితే అది సూచన అయింది. రాసుకోండి, "ఈ వారం ఇది ఎదురు జట్టు పెట్టి పావుగంట చేద్దామా సర్" అని అడగండి. ఆయన "అది మీకే తెలియాలి" అంటే, సూచన లేదని ఆయనే చెప్పినట్టు. అప్పుడు కూడా వాదించకుండా, "మాలో మాకు దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి సర్, మీరు ఒకటి తేల్చి చెప్తే అందరం అదే చేస్తాం" అనండి. గట్టి కోచ్‌లు కూడా ఈ వాక్యానికి మెత్తబడతారు, ఎందుకంటే ఇది వాళ్ల అధికారాన్ని ఒప్పుకుంటుంది.

పేర్లు పెట్టి తిట్టడం గురించి ఒకే ఒక్క కోరిక పెట్టండి: వ్యక్తిగత తప్పులు ఒంటరిగా, క్లిప్‌తో, 48 గంటల్లోపు చెప్పమనండి. జట్టు మీటింగ్‌లో ఎనిమిది పది క్లిప్‌లకి మించకుండా, 20 నిమిషాల్లో ముగించమనండి. బయటివాళ్ల ముందు, వాట్సాప్ గ్రూపుల్లో పేర్లు రాకూడదు. మాంచెస్టర్ యునైటెడ్‌లో 26 ఏళ్లపైగా మేనేజర్‌గా ఉన్న అలెక్స్ ఫెర్గూసన్ డ్రెస్సింగ్ రూమ్‌లో ఎంత భయంకరంగా అరిచేవారో అందరికీ తెలుసు, కానీ తలుపు బయట తన ఆటగాళ్లని వెనకేసుకొచ్చేవారు. మెత్తగా ఉండమని మీరు కోచ్‌ని అడగడం లేదు, అరుపు తలుపు లోపలే ఉంచమని అడుగుతున్నారు. మీ వైపు నుంచి బదులుగా రెండు హామీలివ్వండి: ట్రైనింగ్ హాజరు మీరు చూసుకుంటారని, కోచ్ మీద మాటలు ఆటగాళ్ల గ్రూపులో నడవనివ్వరని. రెండోది నిలబెట్టుకోవడం మొదటిదానికన్నా కష్టం.

ఒకవేళ ఆయన ఒప్పుకుంటే, మార్పులు ఒకేసారి రెండుకి మించి వద్దని కూడా చెప్పండి. ఓడిన ప్రతిసారీ ఐదుగురిని మార్చి, ఫార్మేషన్ మార్చి, ప్రెస్సింగ్ (ప్రత్యర్థి మీదికి వెళ్లి బంతి లాక్కునే తీరు) మార్చితే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. వెనక ముగ్గురు ఉండటం, కార్నర్‌కి పని పంచడం, ఈ రెండే పెట్టుకుని నాలుగు మ్యాచ్‌లు చూడండి. కొలవాల్సింది ఫలితం కాదు, ఈ రెండు రకాల్లో ప్రత్యర్థికి దొరికిన షాట్ల సంఖ్య. నాలుగు మ్యాచ్‌ల్లో అది తగ్గితే గోల్స్ కూడా తగ్గుతాయి, కొంచెం ఆలస్యంగా.

అరగంట మాట్లాడాక కూడా నాలుగు వారాలు ఏమీ మారకపోతే, ట్రైనింగ్ డైరీలో పావుగంట కూడా కొత్తగా చేరకపోతే, బహిరంగ తిట్లు ఆగకపోతే, అప్పుడు క్లబ్ నిర్వాహకుల దగ్గరకి వెళ్లండి. కోచ్‌ని తీసేయమని అడగకండి, అది వాళ్ల నిర్ణయం. ఒక పేజీ ఇవ్వండి: గోల్స్ పట్టిక నాలుగు ప్రశ్నలతో, షాట్ల మొత్తం, డైరీలోని నిమిషాలు, హాజరు పట్టీ. ఆటగాళ్ల తప్పుల వరుసలు కూడా అందులో ఉండాలి. ఆ పేజీ ముందురోజే కోచ్ చేతికి ఇచ్చి, రేపు వాళ్లకి ఇస్తున్నామని చెప్పండి. జట్టులో 16 ఏళ్ల లోపు పిల్లలుంటే మాత్రం ఈ నాలుగు వారాలు ఆగొద్దు, పేరు పెట్టి అవమానించడం జరిగిన మొదటి వారమే తల్లిదండ్రులతో కలిసి వెళ్లండి.